ఒక వేలు, ఆరు వేళ్లు

మా అన్నయ్యకు పుట్టుకతోనే వినికిడి లేదు. ఇంట్లో తనతో సైగ భాషలో ధారాళంగా మాట్లాడగలిగేది నేనొక్కడినే కాబట్టి, కిందటేడు హైదరాబాదులో మద్యం మాన్పించే ఒక కేంద్రానికి తీసుకెళ్లినప్పుడు దుబాసీ పని నా మీదే పడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన ‘ఆడిట్’ ప్రశ్నావళిని తెలుగులో అచ్చువేసి ఇచ్చి, టిక్కులు పెట్టమన్నారు. ప్రశ్నలు పది, మార్కులు 40. 8 వస్తే జాగ్రత్త పడాలి, 20 వస్తే వ్యసనం ఉందేమో లోతుగా పరీక్షించాలి. తెలుగు అన్నయ్యకు బడిలో అక్షరాలుగా పరిచయమైనదే గానీ చెవిన పడిన భాష కాదు. అందుకని ప్రశ్నలన్నీ నేనే సైగల్లోకి మార్చాను.

తాగే రోజున ఎన్ని డ్రింకులు తీసుకుంటారన్నది రెండో ప్రశ్న. బొటనవేలు నోటివైపు వంచి ‘ఎన్ని?’ అని అడిగితే అన్నయ్య ఒక వేలు ఎత్తాడు. ‘ఒకటి లేదా రెండు’ అన్నచోట టిక్కు పెట్టాను; దానికి మార్కు సున్నా. అన్నయ్య చెప్పింది ఒక క్వార్టర్ సీసా. ఆ 180 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 60 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది, ప్రశ్నావళి లెక్కలో డ్రింకు అంటే 10 గ్రాములే, అంటే నేను రాయవలసింది ఆరు. ఒకే విడతలో ఆరు తాగడం గురించిన మూడో ప్రశ్నకూ ఈ కారణంగానే ‘ఎప్పుడూ లేదు’ అని రాశాను. మొత్తం నాలుగు మార్కులు వచ్చాయి, ఫరవాలేదని పంపేశారు.

తగ్గించుకోమని ఎవరైనా చెప్పారా అన్న పదో ప్రశ్నకు అన్నయ్య లేదన్నాడు. అది అబద్ధం కాదు. అమ్మ రోజూ ఏడుస్తూ చెప్పిన మాటలు మా చెవులకు చేరాయే గానీ తన కళ్లకు చేరలేదు. ఆ రాత్రి అమ్మ పక్కన కూర్చుని వాటినన్నిటినీ సైగల్లో చెప్పాను.

తరువాత దివ్యాంగుల హక్కుల చట్టం, 2016ను ప్రస్తావిస్తూ శిక్షణ పొందిన ఇంటర్‌ప్రెటర్ కావాలని అర్జీ పెట్టాను. మూడు వారాలు తిరిగాక ఒప్పుకున్నారు. ఇక్కడి బధిరులంతా ఒకరికొకరు తెలిసినవాళ్లే కనుక వేరే ఊరి మనిషైతేనే వస్తానని అన్నయ్య పట్టుబట్టాడు. విజయవాడ నుంచి ఒకావిడ వచ్చారు. నన్ను బయట కూర్చోమన్నప్పుడు మనసు చివుక్కుమంది గానీ, అదే సరైన పని. తెల్లవారగానే చేతులు వణుకుతాయని, ఒక గుక్క పడితే గానీ పనికి వెళ్లలేనని తమ్ముడి ఎదుట ఏ అన్న చెప్పుకుంటాడు?

ఈసారి డాక్టరు బల్లమీద ఖాళీ క్వార్టర్ సీసా, 30 మిల్లీలీటర్ల కొలత గ్లాసు పెట్టి, సీసాలో నీళ్లు నింపి కొలిచి చూపించారట. 21 మార్కులు వచ్చాయి. బయటికి వచ్చిన అన్నయ్య ఒక చేతి అయిదు వేళ్లూ, రెండో చేతి బొటనవేలూ నాకు చూపించి, చేర్చుకునే తేదీ రాసిన చీటీ నా చేతిలో పెట్టాడు.