సోమశిల నీళ్లలో గిరగిరా

కొల్లాపూర్ దాటి సోమశిల దగ్గరికి వచ్చేసరికి కృష్ణ కనిపించింది. నవంబర్ చివరి వారం. శ్రీశైలం ప్రాజెక్టు వెనక నీళ్లు రేవు మెట్ల దాకా నిలిచి ఉన్నాయి. అవతలి గట్టున కొండలు. ప్రవాహం లేదు, అల లేదు, చెరువులాగే ఉంది. ఈ నీళ్లలో తెడ్డు వేయడం ఎంత పని అనుకున్నాం నేనూ, మా బామ్మర్దీ.

మరబోటు చప్పుడు వద్దనుకుని, వల సర్దుకుంటున్న ఒక పెద్దమనిషిని అడిగాం. ఆయన పుట్టి చూపించాడు. వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, అడుగున పట్టా చుట్టి తారు పూసిన పెద్ద గంప అది. మేము లైఫ్ జాకెట్లు వేసుకుంటుంటే నవ్వాడు. నవ్వితే నవ్వనీ, నాకు ఈత రాదు.

కొంచెం దూరం పోయాక తెడ్డు అడిగి తీసుకున్నా. కుడివైపు ఒక్క పోటు వేశా, పుట్టి ఎడమకు తిరిగింది. సరిచేద్దామని ఎడమవైపు వేస్తే మళ్లీ కుడికి. అరగంటలో గట్టు మీది సోమేశ్వరుడి గుడి ఎన్నిసార్లు కళ్ల ముందు నుంచి పోయిందో లెక్కలేదు. బామ్మర్దికి కళ్లు తిరిగాయి.

"పక్కకు కొడితే తిరుగుతది సారూ, దీనికి ముక్కు ఎక్కడుంది? ముంగట మోకాళ్ల మీద కూసొని నీళ్లను నీ దిక్కు గుంజుకో," అన్నాడు తాత. తెడ్డును ఎదురుగా నిలువునా దించి, నీళ్లలో ఎనిమిది అంకె రాసినట్టు అటూ ఇటూ తిప్పి చూపించాడు. పుట్టి ముందుకు జరిగింది! పది గజాలు తిన్నగా పోయానో లేదో, వలకు కట్టిన ఖాళీ నీళ్ల సీసాల మధ్య ఇరుక్కున్నా. ఆయన తిట్టలేదు. ఒక్కో సీసా ఎత్తి వల తాడు విడిపించాడు.

పని అవుతుండగా గుడి సంగతి వచ్చింది. ప్రాజెక్టులో మునుగుతుందని సోమేశ్వరుడి గుడిని రాయి రాయి విప్పి పైకి తెచ్చి కట్టారు. "దేవునికి పైన జాగ దొరికింది. మా చేను గీ నీళ్ల కిందనే ఉంది," అంటూ తెడ్డుతో కిందికి చూపించాడు. ఏం మాట్లాడాలో తెలియలేదు.

తిరుగు ప్రయాణంలో తెడ్డు ఆయనకే ఇచ్చేశాం. గట్టు ఎక్కాక చూస్తే నా ప్యాంటు మోకాళ్లకు తారు. తాత మాత్రం పుట్టిని బోర్లించి గొడుగులా నెత్తిన పెట్టుకుని, వల చంకన పెట్టుకుని మెట్లెక్కి పోతున్నాడు.