జపాన్ కంపెనీతో బేరం: మౌనం దగ్గర ధర తగ్గించకండి

హైదరాబాద్ నుంచి బల్క్ డ్రగ్స్ (మందుల తయారీకి వాడే ముడి మందులు) అమ్మే మనవాళ్లు చాలామంది మొదటి మీటింగ్‌లోనే బేరం తేల్చేయాలని చూస్తారు. జపాన్ వాళ్లతో అది కుదరదు. అక్కడ క్వాలిటీ, కొనుగోలు, ఉత్పత్తి విభాగాలు ముందే లోపల మాట్లాడుకుని ఒక మాట మీదకు వస్తాయి. అందుకే స్పెసిఫికేషన్లు, ధర, బ్యాచ్ వివరాలు కనీసం వారం ముందే పంపాలి. మీటింగ్ రోజున కొత్త ధర చెప్పారా, వ్యవహారం మళ్లీ మొదటికొస్తుంది.

మనం ఎక్కువగా నష్టపోయేది మౌనం దగ్గర. ధర విన్నాక అవతలివాళ్లు అర నిమిషం మాట్లాడకపోతే, కంగారుపడి మనమే 2 శాతం తగ్గించేస్తాం. వాళ్లు ఆలోచిస్తున్నారంతే, ఆగండి! అలాగే సరే అన్నట్టు మనం తల అటూ ఇటూ ఊపితే వాళ్లకు అర్థం కాదు. నోటితో చెప్పి, సాయంత్రానికల్లా మెయిల్‌లో రాయండి.

విజిటింగ్ కార్డు రెండు చేతులతో అందుకుని, చదివి, వాళ్లు కూర్చున్న వరుసలోనే బల్ల మీద పెట్టుకోవాలి. వెనక జేబులో దోపడం అవమానం.

టోక్యో మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. ఇక్కడ 9కి ఫోన్ చేస్తే అక్కడ 12:30, భోజనాల వేళ. 10 దాటాక చేయండి. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా, ఆగస్టు మధ్యలో ఓబోన్‌కీ (పెద్దలను తలచుకునే పండుగ) సెలవులు ఎక్కువ. అప్పుడు గడువులు పెట్టుకోవద్దు.

సరుకు ఆలస్యమవుతుందని తెలిసిన రోజే కారణం, కొత్త తేదీ, మళ్లీ జరగకుండా తీసుకున్న చర్య రాసి పంపండి. రేపు మాపు అంటూ నెట్టుకొస్తే తర్వాతి ఆర్డర్ రాదు.