‘ది వైర్’ మళ్ళీ చూశాక: నా ఓటు రేవు సీజన్‌కే

‘ది వైర్’ చూసినవాళ్ళు నలుగురు కలిస్తే రెండో సీజన్ దగ్గర వాదన తప్పదు. "మొదటిది అదిరిపోతుంది, నాలుగోది ఏడిపించేస్తుంది, రెండోది మాత్రం బోరు, దాటేసినా పర్లేదు" అని కొత్తవాళ్ళకి సలహా ఇచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారు. మా ఆఫీసులో ఒకబ్బాయి ఆ మాట విని నిజంగానే దాటేశాడు. ఈమధ్య ఐదు సీజన్లూ మొదట్నుంచి మళ్ళీ చూశాను. ఆ రెండో సీజన్ తీసేస్తే మంచి పోలీసు సీరియల్ ఒకటి మిగులుతుంది, అంతే. ఒక ఊరి కథ మాత్రం మిగలదు. ఎందుకో చెప్తాను. కథంతా బయటపెట్టేస్తున్నాను కాబట్టి, చూడనివాళ్ళు ముందు చూసి రండి.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. అమెరికాలో బాల్టిమోర్ అనే రేవు పట్టణం. 2002 నుంచి 2008 దాకా హెచ్‌బీఓ ఛానెల్లో ఐదు సీజన్లుగా, మొత్తం 60 ఎపిసోడ్లు వచ్చింది. రాసింది డేవిడ్ సైమన్, ఎడ్ బర్న్స్. సైమన్ ‘బాల్టిమోర్ సన్’ పత్రికలో ఏళ్ళ తరబడి పోలీసు వార్తలు రాసిన రిపోర్టరు. బర్న్స్ అదే ఊళ్ళో హత్య కేసులు చూసిన డిటెక్టివ్, ఆ తర్వాత బడిలో టీచరు. ఇది తెలిస్తే సీరియల్ వాసన సగం తెలిసినట్టే. చూసి విని రాసినదే తప్ప ఊహించి రాసినది తక్కువ. అంత పేరున్న సీరియల్‌కి అక్కడి టీవీ అవార్డు ఎమ్మీ ఒక్కటి కూడా రాలేదు. స్క్రిప్టుకి రెండుసార్లు నామినేషన్ వచ్చింది, అంతటితో సరి.

మొదటి సీజన్ ఇప్పటికీ బిగువుగానే ఉంది. ఎవాన్ బార్క్స్‌డేల్, స్ట్రింగర్ బెల్‌ల మత్తుమందు వ్యాపారం, వాళ్ళ మీద నిఘా పెట్టిన పోలీసుల గుంపు. సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని కాలం. కుర్రాళ్ళ దగ్గర పేజర్లు, రోడ్డు మీద కాయిన్ ఫోన్లు. నంబర్లు కూడా ఒక కోడ్ ప్రకారమే పంపుకుంటారు. ఫోన్ కీల మీద మధ్యనున్న 5ని దాటి అవతలి అంకెకి దూకడమే ఆ కోడ్. దాన్ని పట్టేది ఎందుకూ పనికిరాడని అందరూ పక్కన కూర్చోబెట్టిన ప్రెజ్ అనే పోలీసు. కాయిన్ ఫోన్ మీద నిఘాకి అనుమతి వచ్చినా, ఆ టైములో మాట్లాడుతున్నది తమకి కావలసిన మనిషేనా అని ఎవరో ఒకరు మేడ ఎక్కి కళ్ళతో చూడాల్సిందే. మిగతా సీరియళ్ళలో రెండు నిమిషాల్లో తేలిపోయే పని ఇక్కడ వారాలు పడుతుంది. ఆ నిదానానికి అలవాటుపడితే ఇంకేదీ రుచించదు. వెనకాల సంగీతం కూడా దాదాపు ఉండదు. కారులో రేడియో మోగితే వినిపిస్తుంది, లేకపోతే లేదు. ఎక్కడ భయపడాలో, ఎక్కడ ఏడవాలో బీజీఎం చెప్పే సినిమాలతో పెరిగినవాళ్ళం కదా, ఇందులో మనమే తేల్చుకోవాలి.

వాలెస్ చావు ఈసారి ఇంకా కష్టంగా అనిపించింది. పాడుబడ్డ ఇంట్లో తనకంటే చిన్నపిల్లల్ని లేపి, తలా ఒక చిప్స్ ప్యాకెట్టూ జ్యూసూ చేతిలో పెట్టి బడికి పంపే పదహారేళ్ళ కుర్రాడు. వాణ్ణి చంపేది వాడితో పాటు తిరిగిన స్నేహితులే. జరగబోయేది తెలిసి చూస్తుంటే, ఆ చిప్స్ సీన్ దగ్గరే గుండె బరువెక్కుతుంది.

ఇక రెండోది. మొదటి సీజన్ అయిపోయి, మళ్ళీ ఆ వీధి మూలలే కనిపిస్తాయని కూర్చుంటే, తెర మీద నీళ్ళు, క్రేన్లు, తెల్ల కార్మికులు. చాలామందికి చిరాకు వచ్చేది ఇక్కడే. నాకు ఆ చిరాకు రాకపోవడానికి కారణం మా ఇల్లు. మా నాన్న విశాఖపట్నం పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఓడలోంచి క్రేను స్లింగు పైకి లేపి రేవు మీద దించుతుంటే, హుక్కు దగ్గర నిలబడి బస్తాలు లెక్కపెట్టి షీటు మీద రాయడం ఆయన పని. ఎరువులు, గోధుమలు, పంచదార. సీరియల్లో ఫ్రాంక్ సోబోట్కా చెకర్ల యూనియన్ నాయకుడు. ఓడ దిగే సరుకు లెక్క రాసేవాళ్ళ మనిషి. అంటే మా నాన్న చేసిన పనే.

అందుకే ఈ సీజన్ మాత్రం నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని చూశాను. ఆయనకి ఇంగ్లీషు అంతగా రాదు, నేను ఆపి ఆపి చెప్తూ వచ్చాను. దొంగసరుకు ఎలా బయటికి వెళ్తుందంటే, కంటెయినర్‌ని ఓడ మీంచి దించుతారు గానీ దాని నంబరు మాత్రం చేతిలో ఉన్న కంప్యూటర్‌లో కొట్టరు. లారీ వచ్చి ఎత్తుకుపోతుంది. అంతే. నేను రెండోసారి వివరించబోతుంటే నాన్న చెయ్యి అడ్డం పెట్టారు.

"ఇందులో అర్థం కాకపోవడానికేటుందమ్మా? టాలీలో ఎక్కకపోతే సరుకు లేనట్టే. ఉన్నా లేనట్టే."

ఓ కంటెయినర్‌లో 13 మంది ఆడవాళ్ళ శవాలు దొరికే సీన్ దగ్గర ఆయన లేచి మంచినీళ్ళ కోసం వెళ్ళారు. తిరిగొచ్చి ఒకటే అడిగారు: "గాలి గొట్టం ఎవరు మూశారు?" నిజానికి ఆ కేసుకి కీలకం ఆ ప్రశ్నే. పోలీసు శాఖకి మాత్రం వేరే దిగులు, ఈ చావులు ఎవరి లెక్కలో పడతాయన్నది. పద్నాలుగో మనిషి అంతకుముందే నీళ్ళలో తేలింది. మా పరిధి కాదని హత్యల విభాగం వదిలించుకోబోతే, పడవ డ్యూటీకి తోసేసిన డిటెక్టివ్ మెక్‌నల్టీ ఆటుపోట్లూ గాలివాటూ లెక్కకట్టి, అది బాల్టిమోర్ నగరం కేసేనని రుజువు చేస్తాడు. చనిపోయిన అమ్మాయి మీద జాలితో కాదు, పాత బాసు మీద కసితో. ‘ది వైర్’లో న్యాయం జరగడం మొదలయ్యేది చాలాసార్లు ఇలాంటి చిల్లర కోపాల వల్లే. ఫ్రాంక్ మీద దర్యాప్తు కూడా అలా పుట్టిందే. చర్చిలో రంగు అద్దాల కిటికీ ఎవరు ముందు పెట్టించారన్న దగ్గర వాల్చెక్ అనే పోలీసు అధికారికి పౌరుషం పొడుచుకొస్తుంది. పట్టుమని వందమంది కూడా లేని యూనియన్‌కి ఇంత డబ్బు ఎక్కడిదని ఆరా మొదలవుతుంది. కార్మికులు పోలీసుల నిఘా వ్యానునే కంటెయినర్‌లో పెట్టి ఓడెక్కించి, అది తిరిగిన రేవులన్నిటి నుంచీ ఫోటోలు పంపిస్తుంటే నాన్న కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు.

ఫ్రాంక్ చేసేది నేరమే. అయితే ఆ దొంగడబ్బుతో ఇల్లు కట్టుకోడు, కారు కొనుక్కోడు. కాలువ లోతు తవ్వించాలని, మూతబడ్డ ధాన్యం రేవుని మళ్ళీ తెరిపించాలని రాజకీయ నాయకుల చుట్టూ తిరిగి, వాళ్ళకి పోస్తాడు. పెద్ద ఓడలు వస్తే తన వాళ్ళకి నెలలో నాలుగు రోజులు ఎక్కువ పని దొరుకుతుందని. ఒకప్పుడు ఈ దేశంలో వస్తువులు చేసేవాళ్ళం, కట్టేవాళ్ళం, ఇప్పుడు పక్కవాడి జేబులో చెయ్యి పెట్టడమే మిగిలింది అంటాడొకసారి. రాటర్‌డామ్ రేవులో మనుషుల్లేకుండా యంత్రాలే సరుకు దించే వీడియో వాళ్ళకి చూపించే సీన్ ఒకటుంది. అక్కడ ఫ్రాంక్ వేషం వేసిన క్రిస్ బావర్ ముఖం చూడాలి. మాటల్లేవు. మేము ఇద్దరం కూడా ఏం మాట్లాడలేదు. విశాఖలో కంటెయినర్ టెర్మినల్ మొదలైంది 2003లో, అమెరికాలో ఈ సీజన్ వచ్చిన ఏడాదే. ఓడ హోల్డులో గ్యాంగులు గ్యాంగులుగా దిగి చేసిన పనిని బెల్టులూ క్రేన్లూ ఎలా చేతుల్లోంచి తీసుకున్నాయో నాన్న దగ్గరుండి చూశారు. మా వీధిలో కళాసీల పిల్లలు ఎవరూ మళ్ళీ కళాసీలు కాలేదు. కొందరు చదువుకుని బాగుపడ్డారు, కొందరు ఆటోలు తోలారు, కొందరి సంగతి మేము ఇంట్లో మాట్లాడుకోం.

నేను రెండో సీజన్‌ని ఇంతగా పట్టుకుని ఉండడానికి కారణం ఇదే. మొదటి సీజన్ ఒక్కటే చూసినవాళ్ళు మత్తుమందు ఆ నల్లవాళ్ళ వాడల సమస్య అనుకునే ప్రమాదం ఉంది. రెండోది వచ్చి, అదే ఊళ్ళో పోలిష్ కుటుంబాల కుర్రాళ్ళు, ఫ్రాంక్ అన్న కొడుకు నిక్, సొంత కొడుకు జిగ్గీ, ఎలా అదే సందులోకి వచ్చి చేరారో చూపిస్తుంది. తాత రేవులో పని చేశాడు, తండ్రి చేశాడు, మనవడికి నెలలో కొద్ది రోజులే పిలుపు. మిగతా రోజులు వాడేం చెయ్యాలి? పనిపోయిన చోటికే మత్తుమందు వచ్చింది. ఆ మాట చెప్పకుండా మూడో సీజన్‌లో మత్తుమందు అమ్మే ఆ ఎత్తైన ఇళ్ళ టవర్లు కూల్చినా, నాలుగో సీజన్‌లో బడి చూపించినా సగమే అర్థమవుతుంది.

ఫ్రాంక్ ఆఖరిసారి, ఆ దొంగసరుకు తెప్పించే గ్రీకు ముఠాని కలవడానికి నడిచి వెళ్ళేది బాల్టిమోర్ రేవు మీదున్న కీ బ్రిడ్జి కింద నుంచి. 2024 మార్చి 26 తెల్లవారుజామున ‘డాలీ’ అనే కంటెయినర్ ఓడ ఢీకొని ఆ వంతెన కూలిపోయింది. ఓడ సిబ్బందిలో దాదాపు అందరూ భారతీయులే కావడంతో ఆ వార్త మన దగ్గరా మోగింది. వంతెన మీద గుంతలు పూడుస్తున్న పనివాళ్ళలో ఆరుగురు చనిపోయారు, బతుకుదెరువుకి లాటిన్ అమెరికా దేశాల నుంచి వెళ్ళినవాళ్ళు. ఇప్పుడు ఆ సీన్‌లో ఫ్రాంక్ మీద కన్నా వెనకున్న ఆ ఇనుప కట్టడం మీదే నా చూపు నిలిచింది.

మూడో సీజన్ గురించి అందరూ చెప్పేదే నేనూ చెప్తాను: కథ నడపడంలో ఐదింటిలో ఇదే గట్టిది. బన్నీ కోల్విన్ అనే పోలీసు అధికారి పైవాళ్ళకి చెప్పకుండా, ఖాళీ ఇళ్ళున్న చోట మత్తుమందు అమ్ముకోనిచ్చి, మిగతా పేటల్ని ప్రశాంతంగా ఉంచుతాడు. కుర్రాళ్ళు దానికి ‘హామ్‌స్టర్‌డామ్’ అని పేరు పెడతారు. ఇంకోపక్క స్ట్రింగర్ బెల్ సాయంత్రం కాలేజీలో నేర్చుకున్న ఎకనామిక్స్ పాఠాలు ముఠా మీటింగులో అమలు చేస్తుంటాడు. నాకు అతని చావు కన్నా, అంతకుముందు రాత్రి అతనూ ఎవానూ బాల్కనీలో నిలబడి చిన్నప్పటి సంగతులు చెప్పుకునే సీన్ గొప్పగా తోచింది. ఒకరినొకరు అప్పటికే అమ్మేసుకున్నారు. అయినా ఆ ప్రేమ అబద్ధం కాదు. మూడో సీజన్‌లో నాన్న నాకు తోడు రాలేదు. మధ్యలో హాల్లోకొచ్చి "ఆ యూనియనాయన వాళ్ళ సంగతేటి, మళ్ళీ చూపించలేదా?" అని అడిగి వెళ్ళిపోయారు.

నాలుగోదాన్ని మించింది లేదని ఒప్పుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. మైకేల్, నేమండ్, రాండీ, డ్యూకీ. ఎనిమిదో తరగతి పిల్లలు. వాళ్ళకి లెక్కల టీచరుగా వచ్చేది, మొదటి సీజన్‌లో కోడ్ పట్టిన ప్రెజ్. పోలీసు ఉద్యోగం వదిలేసి వస్తాడు. పరీక్షల్లో మార్కులు పెంచడానికి, వచ్చే ప్రశ్నలే బట్టీ పట్టించమంటే, పోలీసు శాఖలో నేరాల అంకెలు తగ్గించి చూపించిన పని ఇదేనని వెంటనే గుర్తుపడతాడు. బర్న్స్ టీచరుగా చేసిన అనుభవం ప్రతి తరగతి సీన్‌లోనూ ఉంది. డ్యూకీ ఇంట్లో వాళ్ళు వాడి బట్టలు కూడా అమ్మేసుకుని మత్తుకి పెడుతుంటే, ప్రెజ్ వాడి బట్టలు ఉతికించి, బళ్ళో స్నానం చేసుకునే ఏర్పాటు చేస్తాడు. ఏ పెద్దమనిషీ చెడ్డవాడు కాదు ఇందులో. కార్వర్ అనే పోలీసు రాండీని అనాథాశ్రమంలో పడకుండా కాపాడాలని తిరగని ఆఫీసు లేదు. పనవ్వదు. నలుగురిలో ఒక్కడే ఒడ్డునపడతాడు, అదీ కోల్విన్ తన ఇంటికి తీసుకెళ్ళాడు కాబట్టి. చదువుకీ రేవుకీ ఏం సంబంధం అని అడగొచ్చు. ఈ పిల్లలు పెద్దయ్యాక చెయ్యడానికి ఈ ఊళ్ళో ఏ పనీ లేదని పిల్లలకీ తెలుసు, టీచర్లకీ తెలుసు. క్లాసులో ఆ అల్లరంతా అందుకే. రెండో సీజన్ చూసినవాళ్ళకి అది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఐదో సీజన్ అన్నిటిలో బలహీనమైనది. ఇళ్ళులేని అనాథల్ని చంపే సీరియల్ కిల్లర్ ఉన్నాడని మెక్‌నల్టీ కట్టుకథ అల్లడం, పై అధికారులు నమ్మి డబ్బు విదల్చడం, ఎంత సర్దుకున్నా నాకు మింగుడు పడలేదు. పత్రికాఫీసు సీన్లలో కూడా మంచివాడు మరీ మంచివాడు, అబద్ధాల రిపోర్టరు మరీ అబద్ధాలకోరు. ముందు నాలుగు సీజన్లలో ఎవరినీ ఇలా చూపించలేదు. సొంత పత్రిక మీదున్న బాధ సైమన్‌ని తొందరపెట్టిందనుకుంటాను. మత్తుకి బానిసై, పోలీసులకి కబుర్లు చేరవేసే బబుల్స్ మాత్రం మినహాయింపు. ఆండ్రే రోయో ఐదు సీజన్లు మోసిన ఆ పాత్ర, ఇన్నాళ్ళూ వాళ్ళ అక్క తాళం వేసిపెట్టిన తలుపు దాటి, మెట్లెక్కి ఇంట్లోవాళ్ళతో భోజనానికి కూర్చునే సీన్ కోసం ఆ పది ఎపిసోడ్లు చూడొచ్చు.

అదే సీజన్‌లో, రెండోది దాటేసినవాళ్ళకి అస్సలు కనిపించని సంగతులు రెండున్నాయి. రేవు పక్కన ఖరీదైన కట్టడానికి మేయర్ కార్కెటీ రిబ్బన్ కట్ చేస్తుంటే గుంపులోంచి ఒకడు అరుస్తాడు, పోలీసులు పక్కకి లాక్కెళ్తారు. వాడు నిక్, ఫ్రాంక్ అన్న కొడుకు. ఎవరని మేయర్ అడిగితే, ఎవడో ఏమీ కాని మనిషి అన్నట్టే జవాబొస్తుంది. ఇంకోచోట వంతెన కింద ఇళ్ళులేనివాళ్ళ మధ్య గడ్డం పెంచుకుని కూర్చున్నవాడు జానీ ఫిఫ్టీ, రేవులో ఫ్రాంక్ దగ్గర పనిచేసినవాడు. సీరియల్ పేరు కూడా చెప్పదు, వెనక్కి తిప్పి గుర్తుచెయ్యదు. నేను ఆపి, నాన్నని పిలిచి, ఆ ముఖం చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని కాసేపు చూసి, "చెకరేగా? రెండు షిఫ్టులూ చేసేవాడు" అన్నారు.