స్టాఫ్ డిస్కౌంట్ కోసం ఆరు నెలలు

మా ఇంట్లో ల్యాప్‌టాప్ అంటే అన్న ఇంజనీరింగ్ చదివే రోజుల్లో కొన్న పాతదొక్కటే ఉండేది. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న ఆ యంత్రాన్ని ఆన్ చేసి, వంటింట్లోకి వెళ్లి టీ కాచుకొని వచ్చినా అది ఇంకా గిరగిరా తిరుగుతూనే కనిపించేది. ఎం.సి.ఎ. రెండో ఏడాదిలో ప్రాజెక్టు మొదలయ్యేలోగా పదహారు జీబీ ర్యామ్ ఉన్నది ఒకటి కొనుక్కోవాలని అనుకున్నాను. నాకు నచ్చిన దాని ధర 54,990 రూపాయలు. నాన్నది టైలరింగ్ షాపు. పెళ్లిళ్ల సీజను తప్ప మిగతా నెలల్లో ఆయనను అంత మొత్తం అడగడానికి నాకు నోరు రాలేదు. మా సీనియర్ అక్క ఒకరు అనంతపురంలోనే ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ దుకాణంలో సాయంత్రాలు పనిచేసేవారు. "స్టాఫ్‌కు డిస్కౌంట్ ఉంటుంది, చేరు" అని ఆమె అన్నప్పుడు, ఎంత శాతం అని అడగకుండానే ఇరవై శాతమైనా ఉంటుందని నాకు నేనే లెక్క వేసుకున్నాను.

2025 ఆగస్టు 18న చేరాను. ఆధార్, పాన్, బ్యాంకు పాసు పుస్తకం, డిగ్రీ మార్కుల జాబితా, రెండు ఫొటోలు ఇచ్చాను. మేనేజరు సార్ అడిగిన ప్రశ్నలు రెండే: కన్నడం వచ్చా, రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉండగలవా? బళ్లారి, పావగడ వైపు నుంచి వచ్చే కొనుగోలుదారులు తక్కువేమీ కాదు కాబట్టి మొదటి ప్రశ్నకు అర్థముంది. రెండో ప్రశ్నకు నాన్న సమాధానం చెప్పారు. షాపు మూసేసి, టవర్ క్లాక్ మీదుగా వచ్చి రోజూ తానే తీసుకెళ్తానన్నారు. జీతం 8,000. అందులో పీఎఫ్ కింద 960, ఈఎస్ఐ కింద 60 పోగా చేతికి వచ్చేది 6,980. మొదటి నెల యూనిఫారం టీషర్టుల కోసం మరో 650 పట్టుకున్నారు. ఆ రోజే పదకొండు పేజీల నియమావళి ఒకటి చేతికిచ్చి, ప్రతి పేజీ కింద సంతకం చేయమన్నారు. నా వెనుక మరో నలుగురు వరుసలో నిలబడి ఉండడంతో చదవకుండానే పదకొండు సంతకాలూ పెట్టాను.

కంప్యూటర్లు చదివే పిల్లనని దరఖాస్తులో రాసినా నన్ను మిక్సీలు, గ్రైండర్లు, ఇండక్షన్ పొయ్యిల దగ్గర పెట్టారు. ల్యాప్‌టాప్‌ల కౌంటరులో అబ్బాయిలే ఉండేవారు. ఒకసారి అక్కడి అన్న భోజనానికి వెళ్లినప్పుడు, ఒక పెద్దాయనకు ఎస్ఎస్‌డీకీ హార్డ్ డిస్కుకూ ఉన్న తేడా వివరంగా చెప్పాను. అంతా విని ఆయన, "బాగా చెప్పినావు పాపా, ఇంగ ఆ పిల్లోణ్ని పిలువు, కొంటాం" అన్నారు.

కూర్చోవడానికి వీలు లేకపోవడం మొదటి నెలలో నేను పడిన అసలు కష్టం. కొనేవాళ్లు లేనప్పుడు కూడా నిలబడే ఉండాలి. ఆదివారాలైతే ఉదయం పదిన్నర నుంచి రాత్రి దాకా అంతే. దుకాణాల్లో పనిచేసేవారికి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయని కాలేజీలో ఒక మేడం చెప్పగా విన్నాను. మా దుకాణంలో మాత్రం గోదాములోని ఖాళీ అట్టపెట్టెలే మాకు కుర్చీలు.

డిస్కౌంటు సంగతి మూడో వారంలో తెలిసింది. గోదాము తలుపు వెనుక అంటించిన కాగితంలో ఉంది: కేబుళ్లు, మౌసులు, సంచుల వంటి విడి సామాన్ల మీద 25 శాతం, మిక్సీ వంటి చిన్న గృహోపకరణాల మీద 12, ఫ్రిజ్జు, వాషింగ్ మెషీన్ల మీద 6, ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల మీద 3 శాతం. అది కూడా చేరిన 90 రోజుల తరువాతే, ఏడాదికి మౌసు ఒకటి, సంచి ఒకటి అన్నట్టు ఒక్కో రకం వస్తువు ఒక్కదానికే, మరే ఇతర ఆఫరుతోనూ కలపకుండా. ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, 54,990లో మూడు శాతం ఎంతో ఫోన్లో లెక్క చూశాను. 1,650 రూపాయలు.

కోపం వచ్చింది గానీ, కౌంటరులో కొన్నాళ్లు నిలబడ్డాక దాని వెనుక ఉన్న లెక్క అర్థమైంది. ల్యాప్‌టాప్ మీద, ఫోను మీద దుకాణానికి మిగిలేది చాలా కొంచెం. అవి మనుషుల్ని లోపలికి రప్పించే సరుకు. లోపలికి వచ్చినవారు దానితోపాటు తీసుకెళ్లే కవరు, కేబులు, స్క్రీన్ గార్డు, పొడిగించిన వారంటీల మీదే దుకాణం బతుకుతుంది. మిగులు ఎక్కడుందో డిస్కౌంటు కూడా అక్కడే ఉంటుంది. అందుకే వారంటీ ఎన్ని అమ్మావని మేనేజరు ప్రతి రాత్రీ అడిగేవారే తప్ప, మిక్సీలు ఎన్ని అమ్మావని ఎన్నడూ అడగలేదు. ఇంకో సంగతి, రంగురంగుల టీషర్టుల్లో కనిపించేవారందరూ దుకాణం మనుషులు కారు. వారిలో సగం మంది కంపెనీలు పంపిన ప్రమోటర్లు. జీతం కంపెనీదే, మాట కూడా కంపెనీదే. ఏ మిక్సీ మంచిదని వారిని అడగడం కన్నా, టీషర్టు మీద ఏ పేరుందో చూసుకుంటే సమాధానం దొరుకుతుంది.

ఇంతలో సెప్టెంబరు వచ్చింది. జీఎస్టీ తగ్గింపును ఆ నెల 3న ప్రకటించారు. 22 నుంచి, అంటే నవరాత్రులు మొదలైన రోజు నుంచి అమలన్నారు. ఆ మధ్య పంతొమ్మిది రోజులూ టీవీల వైపు ఈగలు తోలుకున్నాం. వచ్చినవారు ధర చూసి, "ఇరవై రెండో తేదీ వస్తాంలే" అని వెళ్లిపోయేవారు. 32 అంగుళాల కంటే పెద్ద టీవీల మీద, ఏసీల మీద పన్ను 28 నుంచి 18 శాతానికి దిగింది. ల్యాప్‌టాప్‌ల మీద అంతకుముందే 18 కాబట్టి వాటి ధర కదల్లేదు. నా అదృష్టం అలా ఉంది.

21వ తేదీ రాత్రి అందరం పదకొండు దాకా ఉండి ధర చీటీలు మార్చాం. మరునాడు నన్ను టీవీల వైపు పంపారు. కళ్యాణదుర్గం దగ్గరి ఊరి నుంచి వచ్చిన ఒక రైతు, 64,000 ఉన్న టీవీ 59,000 అయిందని చూసి ఒప్పుకోలేదు. "పది శాతం తగ్గిందంటిరి కదమ్మా, ఆరువేల నాలుగొందలు తగ్గాల. మిగిలింది మీరు మింగినారా?" అని అడిగారు. నేను బిల్లు వెనుక రాసి చూపించాను: వస్తువు అసలు వెల 50,000, దాని మీద 28 శాతం అంటే 14,000, కలిపితే 64,000, ఇప్పుడు 18 శాతం అంటే 9,000, కలిపితే 59,000. పన్ను తగ్గేది అసలు వెల మీదే గానీ, పన్ను కలిపిన ధర మీద కాదు. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, ఊర్లో అందరికీ ఇదే చెప్పాలన్నారు. టీవీ కొన్నారు. వారంటీ మాత్రం తీసుకోలేదు. నేను కూడా బలవంతపెట్టలేదు.

దసరా, దీపావళి నాటికి నా 90 రోజులు పూర్తి కాలేదు. ఆ పండుగ వారాల్లోనే, ఫలానా బ్యాంకు కార్డుతో కొంటే ల్యాప్‌టాప్ మీద అక్కడికక్కడే 4,000 తగ్గించారు. దారిన పోయేవారెవరైనా వచ్చి 4,000 తగ్గింపుతో పట్టుకెళ్తున్న వస్తువు కోసం, నేను నవంబరు 16 దాకా ఆగి 1,650 తగ్గింపు పొందాలి. ఆ కార్డు మా ఇంట్లో ఎవరికీ లేదు. ఉన్నా అప్పటికి నా దగ్గర డబ్బు పోగవలేదు. వాయిదాల్లో తీసుకోమని ఫైనాన్స్ బల్ల దగ్గరి అన్న చెప్పాడు గానీ, వడ్డీ లేదంటూనే ప్రాసెసింగ్ ఫీజు విడిగా రాయడం నేను రోజూ చూస్తున్నదే కాబట్టి ఒప్పుకోలేదు.

డిసెంబరులో మొదటిసారి డిస్కౌంటు వాడుకున్నాను. అమ్మకు శెనక్కాయల ఊరిబిండి నూరడానికి పాత మిక్సీ మోటారు చాలడం లేదు. 3,990 రూపాయల 750 వాట్ల మిక్సీ మీద 479 తగ్గాయి. ల్యాప్‌టాప్ సంచి, మౌసు కూడా అప్పుడే తీసుకున్నాను. వాటి మీద ఇంకో 549. సంచి ముందు కొని ల్యాప్‌టాప్ తరువాత కొన్నది బహుశా నేనొక్కదాన్నే అయివుంటాను.

ల్యాప్‌టాప్ జనవరిలో దొరికింది. ప్రదర్శనకు పెట్టిన యంత్రాలను సంక్రాంతి తరువాత 20 శాతం తగ్గించి అమ్మేస్తారని ల్యాప్‌టాప్‌ల కౌంటరులోని అన్న ముందే చెవిలో వేశాడు. ఇది ఎవరికైనా వర్తించే తగ్గింపే. కాకపోతే తేదీ మాకు ముందుగా తెలుస్తుంది. నేను కోరుకున్న మోడలే అందులో ఉంది, 43,992కు. కొనేముందు ఒక పూట సమయం అడిగి తీసుకొని దాన్ని క్షుణ్ణంగా పరీక్షించాను. ప్రదర్శన యంత్రాలకు పగలంతా చార్జరు తగిలించే ఉంచుతారు కాబట్టి, నిండా చార్జుతో, ఆ వేడిలో బ్యాటరీకి త్వరగా వయసు మీదపడుతుంది. విండోస్ ఇచ్చే బ్యాటరీ నివేదికలో, తయారైనప్పటి సామర్థ్యంలో ఇప్పుడు 92 శాతం మిగిలి ఉందని కనిపించింది; ఫరవాలేదనుకున్నాను. సీరియల్ నంబరు కంపెనీ వెబ్‌సైటులో వేసి చూస్తే అసలు చిక్కు బయటపడింది. వారంటీ అప్పటికే మొదలై ఏడు నెలలు గడిచినట్టు ఉంది. నా బిల్లు తేదీ నుంచి వారంటీ లెక్కించేలా కంపెనీకి రాయించి, వెబ్‌సైటులో తేదీ మారాకే డబ్బు కడతానని చెప్పాను. తొమ్మిది రోజులు పట్టింది. స్టాఫ్‌లో మనిషివి, నీకే ఇంత పట్టుదలైతే ఎలాగమ్మా అని మేనేజరు విసుక్కున్నారు. నేను కూడబెట్టిన 29,000కు మిగిలినది మా అన్న కలిపాడు.

ఫిబ్రవరి చివర ప్రాజెక్టు కోసం మానేశాను. పదిహేను రోజుల తరువాత లెక్క తేల్చిన కాగితం వచ్చింది. రావలసిన జీతం కింద ఒక వరుస అదనంగా ఉంది: స్టాఫ్ డిస్కౌంట్ రికవరీ, 1,028 రూపాయలు. అకౌంట్స్ సార్‌కు ఫోను చేస్తే, రాయితీతో కొన్న 180 రోజుల లోపు ఉద్యోగం మానితే ఆ మొత్తం తిరిగి పట్టుకుంటామని నియమావళి తొమ్మిదో పేజీలో ఉందని, దాని కింద నా సంతకం కూడా ఉందని శాంతంగా చెప్పారు. ల్యాప్‌టాప్ మీద తగ్గిన 10,998 సంగతి భయం భయంగా అడిగాను. అది ప్రదర్శన వస్తువుల తగ్గింపు, అందరికీ ఇచ్చేదే కాబట్టి దాని జోలికి రామని చెప్పి, ఇంకేమైనా ఉందా అమ్మా అని అడిగారు. తొమ్మిదో పేజీ ఫొటో ఒకటి పంపమన్నాను. ఆ సాయంత్రమే పంపారు. ఈసారి మొత్తం చదివాను.