యెహెజ్కేలు చూసిన చక్రాల వెంట: నా అనుభవం

మా నాయనమ్మ రోజూ పడుకునే ముందు బైబిలు పైకి చదివేది. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక రాత్రి యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం మొదటి అధ్యాయం వచ్చింది. ఉత్తరం నుంచి తుపాను, మంటల్లో కరిగిన అపరంజి లాంటిదేదో, నాలుగేసి ముఖాలున్న నాలుగు జీవులు, చక్రంలో చక్రం, ఆ చక్రాల అంచుల నిండా కళ్లు. "ఇదంతా ఎటు పోతోంది నాయనమ్మా?" అని అడిగాను. "నాకూ తెలియదు నాన్నా. నువ్వు చదువుకుని నాకు చెప్పు" అంది. ఆమె పోయి పదేళ్లయింది. ఆ ప్రశ్న పట్టుకుని నేను కూర్చున్నది మాత్రం రెండేళ్ల క్రితమే.

యూదుల మార్మిక విద్య కబ్బాలా నేర్పుతామన్న ఒక ఆన్‌లైన్ క్లాసులో చేరాను. మూడు నెలలు ఎర్ర దారాల గురించి, అదృష్ట సంఖ్యల గురించి చెప్పారు. ఏ గ్రంథం ఏ కాలానిదో ఒక్కసారి కూడా చెప్పలేదు. మానేసి సొంతంగా మొదలుపెట్టాను. చిన్న పుస్తకం కదా అని ముందు సెఫెర్ యెత్సీరా అనే పాత హీబ్రూ గ్రంథం తీసుకున్నాను. 'సృష్టి గ్రంథం' అని దాని పేరుకు అర్థం. దానికోసం హీబ్రూ అక్షరాలు 22 నేర్చుకున్నాను. దాలెత్‌కీ రేష్‌కీ తేడా కంటికి పట్టుబడేసరికి నెల దాటింది.

దేవుడు ఈ లోకాన్ని పది సెఫిరోత్‌తో, ఇరవై రెండు అక్షరాలతో, మొత్తం 32 మార్గాలతో చెక్కాడంటుంది ఆ పుస్తకం. సెఫిరోత్ అనగానే చాలామందికి తర్వాతి కబ్బాలాలోని దైవశక్తుల చెట్టు గుర్తొస్తుంది. ఇక్కడ అది లేదు. ఇక్కడవి సంఖ్యలు, దిక్కులు, లోతులు. అక్షరాల్లో మూడు తల్లులు, ఏడు జంటలు, పన్నెండు ఒంటివి. నేను ఆగిపోయింది ఆ తర్వాతి మాట దగ్గర. అక్షరాలు నోట్లో ఐదు చోట్ల నిలిచి ఉన్నాయట: గొంతు, అంగిలి, నాలుక, పళ్లు, పెదవులు. చిన్నప్పుడు బడిలో వల్లెవేసిన కంఠ్యాలు, తాలవ్యాలు, దంత్యాలు, ఓష్ఠ్యాలు చెవిలో మోగాయి. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తర్వాత తెలిసింది, మన తెలుగు సాహిత్యం మీద ఎంతో పనిచేసిన జెరూసలేం పండితుడు డేవిడ్ షుల్మన్ కూడా ఈ పుస్తకానికి భారతదేశంతో సంబంధం ఉందా అని 2002లో ఒక వ్యాసం రాశారని. రుజువైందని ఎవరూ అనలేరు. పుస్తకం ఎప్పటిదన్న దాని మీదే పండితుల మధ్య కొన్ని శతాబ్దాల తేడా ఉంది. యూదు పండితుడు సాదియా గావోన్ క్రీ.శ. 931లో దానికి అరబ్బీలో వ్యాఖ్యానం రాశాడు కాబట్టి అంతకంటే పాతదన్నది మాత్రం ఖాయం.

కానీ నాయనమ్మ చదివి చెప్పమన్న సంగతి ఇందులో దొరకలేదు. అందుకే వెనక్కి వెళ్లి, కాలక్రమంలో చదవడం మొదలుపెట్టాను. యెహెజ్కేలు 1, 10 అధ్యాయాలు, యెషయా 6, దానియేలు 7. యెహెజ్కేలు మొదటి అధ్యాయంలో రథం అన్న మాటే లేదని అప్పుడు గమనించాను. మెర్కావా, అంటే రథం, అన్న పేరు తర్వాతివాళ్లు పెట్టింది. ఆ దర్శనం కనబడింది క్రీ.పూ. 593లో, బబులోను దేశంలో, కెబారు నది ఒడ్డున, చెరపట్టబడినవాళ్ల మధ్య. యెరూషలేములో ఆలయం అప్పటికింకా నిలబడే ఉంది. అయినా సింహాసనానికి చక్రాలొచ్చాయి, అది బందీల దగ్గరికి వచ్చింది. ఎటు పోతోందని అడిగాను కదా, పోవడం లేదు, వస్తోంది. ఈ ఒక్క ముక్క చెప్పడానికి నాయనమ్మ లేదు.

తర్వాత మిష్నా, అంటే క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన యూదు ధర్మశాస్త్ర సంకలనం. అందులో హగీగా అనే భాగం రెండో అధ్యాయం మొదట్లోనే కట్టడి: సృష్టి సంగతి ఇద్దరి ముందు చెప్పకూడదు, రథం సంగతి ఒక్కడి ముందు కూడా చెప్పకూడదు, అతను తనంతట తాను గ్రహించగల జ్ఞాని అయితే తప్ప. చదివి టెన్షన్ పడ్డాను, నిజంగానే. మిష్నా మీద యూదు గురువుల చర్చల సంకలనమైన తాల్ముద్‌లో ఇంకా భయపెట్టే కథ ఉంది. నలుగురు గురువులు తోటలోకి వెళ్లారు. బెన్ అజ్జాయ్ చూసి చనిపోయాడు. బెన్ జోమాకు మతి చెదిరింది. ఎలీషా బెన్ అవుయా మొక్కలు నరికాడు, అంటే విశ్వాసం తప్పాడు. రబ్బీ అకీవా ఒక్కడే క్షేమంగా బయటపడ్డాడు. స్వచ్ఛమైన పాలరాతి దగ్గరికి చేరినప్పుడు "నీళ్లు, నీళ్లు" అనకండి అని అకీవా ముందే చెప్పాడట. ఎందుకో నాకు ఎంతకీ అర్థం కాలేదు.

అర్థమైంది, దేవుని సింహాసనం దాకా చేసే ప్రయాణాన్ని చెప్పే హెఖలోత్ గ్రంథాల్లోకి వచ్చాకే. హెఖలోత్ అంటే రాజప్రాసాదాలు, ఆలయ మందిరాలు కూడా. సింహాసనం దాకా ఏడు మందిరాలు, ప్రతి గుమ్మం దగ్గర కాపలా దూతలు. వాళ్లకు దేవుని నామాలున్న ముద్రలు చూపించాలి. ఆరో గుమ్మం దగ్గర పాలరాయి అలల్లా మెరుస్తుంది. దాన్ని నీళ్లనుకున్నవాడు అక్కడ నిలవడానికి తగడు. విచిత్రమేమిటంటే ఈ ప్రయాణాన్ని చాలాచోట్ల 'దిగడం' అంటారు, రథంలోకి దిగేవాళ్లు అని.

ఇక్కడే చాలా కష్టపడ్డాను. కథ ఒకచోట తెగి ఇంకోచోట మొదలవుతుంది. జర్మన్ పండితుడు పీటర్ షేఫర్ 1981లో ఈ గ్రంథాల ఏడు రాతప్రతులను పక్కపక్కనే అచ్చువేశాడు. అది చూశాకే ఇవి హద్దులు గీసిన పుస్తకాలు కావనీ, నకలు రాసినవాళ్ల చేతుల్లో పెరుగుతూ, కలిసిపోతూ వచ్చాయనీ తెలిసింది. వీటి మూలాలు మిష్నా కాలం దాకా వెళ్తాయని కబ్బాలా చరిత్రకారుడు గెర్షోమ్ షోలెమ్ వాదించాడు. చాలా తర్వాతివని మరికొందరంటారు. నన్ను షోలెమ్ వైపు కొంచెం మొగ్గేలా చేసింది మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో దొరికిన, మిష్నా కంటే పాతవైన 13 సబ్బాతు (విశ్రాంతి దినపు) పాటలు. పరలోకంలో దూతలు యాజకులై చేసే ఆరాధన అది. వాటి ప్రతి ఒకటి మసాదా కోటలోనూ దొరికింది.

అంత దూరం వెళ్లిన మనిషి చివరికి ఏం చేస్తాడు? దేవునిలో కలిసిపోతాడని అనుకున్నాను, మన దగ్గర అద్వైతం విన్నవాళ్లం కదా. కలిసిపోడు. ఆయన రాజు, ఇతను మనిషి, ఆ దూరం అలాగే ఉంటుంది. ఇతను దూతల పక్కన నిలబడి పాడతాడు. క్రీ.శ. 70లో యెరూషలేములోని రెండో ఆలయం కూలిపోయింది, బలిపీఠం లేదు, యాజకుల సేవ లేదు. పైన మాత్రం ఆ సేవ ఆగలేదన్న నమ్మకం ఈ పాటల్లో నాకు వినిపించింది.

హెఖలోత్ గ్రంథాల్లో ఒకటైన హెఖలోత్ రబ్బతిలోని పాటలు చాలావరకు యెషయా విన్న మూడు మాటలతోనే ముగుస్తాయి. పోయిన డిసెంబరులో ఒక పాటను తెలుగు లిపిలో రాసుకుని పైకి చదివాను. "కాదోష్, కాదోష్, కాదోష్" దగ్గరికి రాగానే లేచి వెళ్లి నాయనమ్మ బైబిలు తెచ్చాను. యెషయా ఆరో అధ్యాయంలో "పరిశుద్ధుడు" అన్న మూడు మాటల కింద పెన్సిల్ గీత ఉంది.