పోస్టు ఒక్కటీ పెరగకుండా మా డీఈవో ఆఫీసు మూడైన కథ

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లోని మా జిల్లా విద్యాశాఖాధికారి (డీఈవో) ఆఫీసులో ఎవరిని కదిపినా జీతం మాటే. అప్పటిదాకా మధ్యంతర భృతి 27 శాతం ఇచ్చారు, జీతాలు సవరించే పీఆర్సీ వచ్చేసరికి ఫిట్‌మెంట్, అంటే మూల వేతనం మీద పెంపు, 23 శాతమే అన్నారు. ఇంటద్దె శ్లాబులు కోశారు. అదే ఊపులో రిటైర్మెంట్ వయసు 60 నుంచి 62కి పెంచారు. పైకి అది మాకు చేసిన మేలులాగే కనిపించింది. పింఛను కాగితాలు చూసే మాకు మాత్రం అసలు సంగతి వెంటనే అర్థమైంది, రిటైరైనప్పుడు ఒక్కసారిగా ఇవ్వాల్సిన గ్రాట్యుటీలూ కమ్యుటేషన్లూ రెండేళ్లపాటు కట్టే బరువు ఖజానాకి తప్పింది. ఫిబ్రవరి 3న ఉద్యోగ సంఘాలు పిలుపిచ్చిన చలో విజయవాడ నిరసనకి మా సెక్షన్ల నుంచీ వెళ్లారు.

అందుకే ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడు, కొత్త ఆఫీసులకి కొత్త పోస్టులు వస్తాయని మాలో ఎవరూ అనుకోలేదు. రాలేదు కూడా. ఉన్నవాళ్లనే పంచారు. చేతికిచ్చిన కాగితం పేరు ‘ఆర్డర్ టు సర్వ్’. బదిలీ కాదు, డెప్యుటేషన్ కాదు. పోస్టు పాత జిల్లాలోనే ఉంటుంది, మనిషి వెళ్లి కొత్త జిల్లాలో పనిచేయాలి.

నేను డీఈవో ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్‌ని. కోర్టు కేసుల సీటు చూస్తాను. మా జిల్లా మూడు ముక్కలైంది. ఎక్కడికెళ్తారో ఆప్షన్ ఇమ్మన్నారు. దాదాపు అందరం ఉన్నచోటే ఉంటామని రాశాం. పిల్లల చదువులు, లోను మీద కట్టుకున్న ఇళ్లు, ఎవరి కారణం వాళ్లది. నా పేరు కొత్త జిల్లా లిస్టులో వచ్చింది.

కొత్త ఆఫీసంటే ఒక పాత భవనం మేడమీద నాలుగు గదులు. కుర్చీలు పాత ఆఫీసు నుంచే వచ్చాయి, వెనకాల పెయింటుతో వేసిన స్టాకు నంబర్లతో సహా. నాతోపాటు వచ్చిన అటెండరు ఆ నంబర్లన్నీ సరిచూసి సంతకం పెట్టించుకున్నాకే ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. జీతం బిల్లు మాత్రం కొన్నాళ్లు పాత డీడీవో (బిల్లులు పెట్టే అధికారి) కోడ్ మీదే పెట్టారు.

అసలు తంటా ఫైళ్ల పంపకంలో వచ్చింది. “బడి ఏ జిల్లాలో పడితే ఫైలు ఆ జిల్లాకి” అన్నారు పైవాళ్లు. మెడికల్ రీయింబర్స్‌మెంట్లు, పింఛను ప్రతిపాదనలు, సెలవు మంజూర్లు అలాగే పంచేశాం, పేచీ లేదు. సీనియారిటీ దగ్గర బండి ఆగింది. 371-డి అధికరణం కింద 1975లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం టీచర్ల లోకల్ కేడర్, అంటే నియామకం, సీనియారిటీ లెక్కేసే పరిధి, పాత జిల్లానే. జిల్లాలు చీలినా అది మారలేదు. కాబట్టి ఒక ఎస్‌జీటీ (ప్రైమరీ తరగతుల టీచరు) సెలవు చీటీ మా దగ్గరికొస్తుంది, ఆయన ప్రమోషన్ లిస్టు పాత ఆఫీసులో తయారవుతుంది. 2025లో 16,347 టీచర్ పోస్టుల భర్తీకి మెగా డీఎస్సీ వేసినప్పుడు కూడా లెక్క పాత 13 జిల్లాలదే.

కోర్టు కేసులకొచ్చేసరికి ఇంకా చిక్కు. టీచర్లు హైకోర్టులో వేసిన రిట్ పిటిషన్లలో కొన్ని ఉమ్మడి హైకోర్టు హైదరాబాద్‌లో ఉన్న రోజులనాటివి. వాటిలో ప్రతివాది పాత జిల్లా డీఈవో. పిటిషనర్ టీచరేమో ఇప్పుడు మా జిల్లా బడిలో ఉన్నారు. ‘ఎనిమిది వారాల్లో పరిశీలించి ఉత్తర్వులివ్వండి’ అని కోర్టు చెప్తే ఎవరివ్వాలి? “మనిషి మీ దగ్గరున్నాడు కదండీ” అని పాత ఆఫీసు. “లిస్టు మీ దగ్గరుంది కదా సార్” అని మేము. గడువు దాటితే కోర్టు ధిక్కారం కింద నోటీసు వచ్చేది అధికారి పేరు మీద, మాట పడేది సీటు మీద.

చివరికి మూడు ఆఫీసుల సూపరింటెండెంట్లనీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి, బండిల్ తర్వాత బండిల్ విప్పించాం. సీనియారిటీ, ప్రమోషన్, నియామకం మీద వేసిన కేసు పాత ఆఫీసులోనే ఉండాలి. జీతం, సెలవు, క్రమశిక్షణ మీద వేసింది బడి వెంట వెళ్లాలి. రెండూ కలిసి ఉన్నవాటికి పారావైజ్ రిమార్కులు, అంటే పిటిషన్లోని ఒక్కో పేరాకి జవాబు, పాత ఆఫీసు రాస్తుంది, సర్వీసు వివరాలు మేం పంపాలి. ఈ ముక్కే నోట్‌ఫైల్లో రాసి ముగ్గురు డీఈవోల చేతా సంతకం చేయించాం. ఆ ఏడాది నేను రాసినవాటిలో నిజంగా పనికొచ్చిన కాగితం అదొక్కటే.

అది ఒక కొలిక్కి వస్తుండగానే జూన్ 10న జీవో 117 వచ్చింది. దాని ప్రకారం బడులు ఆరు రకాలు. కిలోమీటరు లోపు హైస్కూలుంటే ప్రైమరీ బడిలోని 3, 4, 5 తరగతులు అక్కడికి వెళ్తాయి, సబ్జెక్టు టీచర్లు చెప్తారు. కింద 1, 2 తరగతులు మిగులుతాయి. పిల్లల సంఖ్యని బట్టి ఏ బడిలో ఎంతమంది టీచర్లు సర్‌ప్లస్ అవుతారో లిస్టు తీయాలి. జీవోలో ఎక్కడా పొదుపు అన్న మాట లేదు. ఎక్సెల్ షీటులో మాత్రం ఏ వరస చివర చూసినా తేలేది ‘మిగులు పోస్టు’ అన్న అంకే.

మూడో తరగతికే సబ్జెక్టు టీచరన్న ఆలోచన చెడ్డదని నేననను. గదులున్న హైస్కూళ్లలో అది బాగానే నడిచింది. ఏ బడి పిల్లలు ఏ హైస్కూలుకి వెళ్లాలో జతచేసే మ్యాపింగే తిన్నగా జరగలేదు. మ్యాపు మీద కిలోమీటరు లోపే కనిపించే బడికి, మధ్యలో కాలువ ఉంటే వంతెన చుట్టూ తిరిగి వెళ్లాలి. ఎంఈవోలు, అంటే మండల విద్యాధికారులు, ఫోన్లో మొత్తుకునేవాళ్లు. ఒకావిడ పిల్లని చంకనేసుకుని మా మేడ ఎక్కొచ్చి, “ఎనిమిదేళ్ల దాన్ని హైవే ఎట్టా దాటించమంటారు మేడమ్?” అని అడిగింది. అభ్యంతరం రాయించుకుని పైకి పంపాం. అంతకుమించి మా చేతుల్లో లేదు. ఇక 1, 2 తరగతులతో మిగిలిన బడుల్లో చాలావాటికి ఒక్కరే టీచరు. ఆ ఒక్కరికీ జ్వరమొస్తే పక్క బడి నుంచి మనిషిని సర్దాలి, ఆ రోజు అక్కడ లోటు.

ఫైళ్లని మేం ఒక్కోటి విప్పి పోట్లాడి పంచుకున్నాం. బడుల విషయంలో ఆ పోట్లాటకి వ్యవధే ఇవ్వలేదు. తేడా అక్కడే వచ్చిందని నాకనిపిస్తుంది.

2025 మేలో ఆ జీవోని రద్దు చేసి, ఈసారి బడుల్ని తొమ్మిది రకాలు చేశారు. మోడల్ ప్రైమరీ అంటే తరగతికో టీచరు. మళ్లీ అవే బడుల పేర్లు, కొత్త లిస్టులు, మళ్లీ కౌన్సెలింగ్. 2022లో సర్‌ప్లస్ టీచర్లని వేరే బడులకి సర్దిన రేషనలైజేషన్ మీద టీచర్లు వేసిన రిట్లలో కొన్ని అప్పటికి ఇంకా తేలనేలేదు. జీవోనే లేకుండా పోయాక ఆ కేసుల్లో ఏం మిగిలిందో చెప్పమని ప్రభుత్వ ప్లీడరు ఆఫీసు అడుగుతోంది. కొందరికి ఏమీ మిగల్లేదు. కొందరు అప్పుడు దూరం బడికి వెళ్లినవాళ్లు, బదిలీ కౌన్సెలింగ్‌లో అందుకు పాయింట్లు కలపమంటున్నారు. అది సీనియారిటీ కిందికొస్తుందా, బడి వెంట వెళ్తుందా అని పాత ఆఫీసుకి ఉత్తరం పెట్టాను. జవాబు రావాలి.