గంటల లెక్క

పొద్దున ఆడామగా సమానత్వం మీద పెట్టిన జెండర్ ట్రైనింగ్‌కి 32 మంది వచ్చారు. వాళ్లలో ఆడవాళ్లు ఆరుగురే. "ఇది లేడీస్ విషయం కదా మేడమ్, మమ్మల్నెందుకు పిలిచారు?" అని వెనక నుంచి ఒకరు అడిగారు. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. జవాబు చెప్పకుండా కాగితాలు పంచాను.

కాగితం మీద తెల్లవారుజామున నాలుగు నుంచి రాత్రి పదకొండు దాకా గంటలు, వాటి పక్కన రెండు వరుసల గళ్లు ఉంటాయి. ఒక వరుసలో నిన్న మీరు ఏ గంటకి ఏం చేశారో రాయాలి. రెండో దాంట్లో మీ ఇంట్లో ఆవిడ, భార్యో, అమ్మో, అక్కో, ఏం చేసిందో రాయాలి. జెండర్ శిక్షణల్లో ఇది చాలా పాత పద్ధతి. ఇన్నేళ్లలో ఇంతకన్నా బాగా పనిచేసేది నాకైతే కనబడలేదు.

నలభై దాటిన ఒకాయన తన వరుస చకచకా నింపేశారు. రెండో వరుసలో "ఇంటి పని" అని రాసి, పైనుంచి కిందికి ఒకే గీత గీసేశారు. "ఏ గంటకి ఏ పనో రాయండి సార్" అన్నాను. ఆరున్నరకి పిల్లల్ని స్కూలుకి తయారుచేయడం అని రాసి ఆగిపోయారు. పెన్ను మూత తీస్తూ, పెడుతూ కాసేపు కూర్చుని, బయటికెళ్లి ఇంటికి ఫోన్ చేసుకొచ్చారు. తర్వాత ఆ గీత కొట్టేసి ఒక్కో గడీ నింపుకుంటూ వెళ్లారు. చోటు చాలక అంచుల్లో కూడా రాశారు. మధ్యాహ్నం రెండు గంటల దగ్గర "అమ్మకి మందులు, ఒళ్లు తుడవడం" అని ఉంది. నేను చదువుతుంటే, "మా అమ్మే మేడమ్" అన్నారు మెల్లగా.

జీతం లేని ఇంటిపని, సంరక్షణ పని గంటల్లో 76.2 శాతం ఆడవాళ్లవేనని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో లెక్కగట్టింది. ఆ స్లయిడ్ ఈరోజు తెరవలేదు. ఆ కాగితం చూశాక మళ్లీ అంకెలెందుకు అనిపించింది. దానికి బదులు ఐస్‌లాండ్ సంగతి చెప్పాను. 1975 అక్టోబరు 24న అక్కడి ఆడవాళ్లలో దాదాపు 90 శాతం మంది ఉద్యోగాలూ ఇంటిపనీ రెండూ ఆపేశారు. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకి వెళ్లాల్సొచ్చింది. మరుసటి ఏడాదే సమానత్వ చట్టం వచ్చింది. అందరూ శ్రద్ధగా విన్నారు.

కానీ ఇంటికి ఫోన్ చేసుకొచ్చిన ఆ పెద్దమనిషి డ్యూటీ దిగేసరికే రాత్రి ఎనిమిదవుతుంది. మనసు మారినా గంటలు మారకపోతే వాళ్లావిడకి ఒరిగేదేముంది? అందుకే మధ్యాహ్నం ఉద్యోగుల నియమాల మీద జరిగిన పాలసీ మీటింగ్‌లో నేను కాస్త గట్టిగానే మాట్లాడాను. వేధింపుల భాగం తొందరగానే తేలింది. పనిచోట వేధింపుల మీద 2019 నాటి అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒప్పందం పనికి వచ్చిపోయే దారిని కూడా లెక్కలోకి తీసుకుంటుంది కాబట్టి మనమూ ఆ మాట చేర్చాలంటే ఒప్పుకున్నారు. చిక్కంతా సెలవు దగ్గరే వచ్చింది. ముసాయిదాలో "బిడ్డ పుట్టాక తల్లిదండ్రుల్లో ఎవరైనా తీసుకోవచ్చు" అని ఉంది. ఎవరైనా అని రాస్తే చివరికి తీసుకునేది తల్లే. నార్వే 1993లో నాలుగు వారాలు తండ్రికే కేటాయించింది. ఆయన వాడుకోకపోతే ఆ వారాలు పోతాయి. అంతకుముందు సెలవు పెట్టే తండ్రులు అరుదు, ఆ తర్వాత అది మామూలు సంగతైపోయింది. ఇదంతా చెప్పాను. "చూద్దాం మేడమ్" అన్నారు. ఆ చూద్దాంతో నాకు ఒళ్లు మండింది. వచ్చే మీటింగ్‌లో మొదటి అంశంగా పెట్టించి మరీ బయటికొచ్చాను.

సాయంత్రం ఆరింటికి కాలనీ సమావేశం. ఎప్పటిలాగే ముందు కుర్చీల్లో మగవాళ్లు, గుమ్మం దగ్గర నలుగురైదుగురు ఆడవాళ్లు. ఆరు నెలలుగా మా రిజిస్టర్‌లో "మహిళల్లో ఆసక్తి తక్కువ" అని రాస్తున్నాం. ఆ మాట రాసిన చెయ్యి నాదే. ఈరోజు మొదటిసారి వాళ్లనే అడిగాను, ఎందుకు రావట్లేదని. చంకలో బిడ్డతో నిలబడిన ఒకమ్మాయి అంది, "ఆరింటికి పెడితే ఎట్లా వస్తామక్కా? వంట ఎవరు చేస్తారు? సెలవు రోజు మూడింటికి పెట్టండి. వీణ్ణి ఎవరైనా పట్టుకుంటే కూర్చుని వింటాను."

పొద్దున కాగితాలు పంచిన నేనే వీళ్ల గంటలు అడగలేదు. చాలా బాధనిపించింది. రిజిస్టర్‌లో ఆ వాక్యం కొట్టేశాను.

వచ్చే సమావేశం ఆదివారం మూడింటికి. పిల్లల్ని చూసుకోవడానికి ఇద్దరు మగవాళ్లు కావాలని అడిగాను. ఒక కుర్రాడు చెయ్యెత్తాడు, పేరు రాసుకున్నాను. రెండో పేరు కోసం రేపు పొద్దున ఫోన్లు చేయాలి.